కండువా మారితే తప్పు ఒప్పవుతుందా?

పార్టీ ఫిరాయింపు తప్పా ఒప్పా అనేది ఎమ్మెల్యే మెడలో పడిన కండువా రంగును బట్టి తేల్చడం మనకు అలవాటైపోయింది. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైనప్పుడు, మా వీధి చివర టీ కొట్టు దగ్గర ‘నియోజకవర్గం అభివృద్ధి కోసం వెళ్లారు’ అని వాదించిన పెద్దమనిషి, 2023 ఎన్నికల తర్వాత బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ గూటికి చేరుతుంటే గ్లాసు బల్లమీద కొట్టి మరీ ‘ద్రోహులు’ అన్నాడు. అప్పట్లో ఆయన్ని తిట్టిన కాంగ్రెస్ అభిమాని ఇప్పుడు అదే అభివృద్ధి పాట పాడుతున్నాడు. (టీ డబ్బులు మాత్రం ఇద్దరూ నా ఖాతాలోనే రాయించారు.) ఆంధ్రప్రదేశ్ తక్కువేం తినలేదు: 2014-19 మధ్య 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలో చేరారు, కొందరు మంత్రులూ అయ్యారు. 1985లో పార్టీ ఫిరాయించినవారి పదవి పోయేలా రాజ్యాంగంలో పదో షెడ్యూలు తెచ్చినా, అనర్హతపై తీర్పు చెప్పేది స్పీకరే. ఆయన గెలిచి వచ్చేది సాధారణంగా అధికార పార్టీ నుంచే. ఫిర్యాదులు నెలల తరబడి నానుతుంటాయి. ఈ అధికారాన్ని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే విషయం ఆలోచించాలని 2020లోనే సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. ఆ చట్ట సవరణ తెచ్చి, తీర్పుకు మూడు నెలల గడువు పెట్టి, పార్టీ సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది కలిసి వేరే పార్టీలో విలీనమైతే అనర్హత వర్తించదన్న మినహాయింపు ఎత్తేయాలి. మన ఎంపీలు, ముందు తమ పార్టీలోకి వచ్చినవారి సంగతి తేల్చమని అడుగుతూ, ఈ సవరణ కోసం పట్టుబట్టాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం