బిగింపు రెండు రోజుల పని, నిర్వహణ పాతికేళ్ల కొలువు

సంపాదకులకు నమస్కారం.

ఇంటి కప్పు మీది సౌర ప్యానెళ్లు, పెరట్లోని గోబర్ గ్యాస్, వాగు మీది చిన్న టర్బైన్. ఇలాంటి చిన్న యూనిట్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘ఉన్న ఊళ్లోనే ఉపాధి’ అన్న మాట వినిపిస్తుంది. మాట నిజమే. కానీ ఆ ఉపాధి ఎక్కడ పుడుతుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న లెక్క విప్పి చెప్పేవాళ్లు తక్కువ. పథకాలు ప్రకటించేటప్పుడు చెప్పే సంఖ్యలు చాలావరకు బిగింపు పనివి. బిగింపు అయిపోతే ఆ పనీ అయిపోతుంది. నిలిచే కొలువు నిర్వహణలో ఉంది. దానికి డబ్బు, శిక్షణ, విడిభాగాలు ముందే పక్కన పెట్టకపోతే కొలువూ మిగలదు, కొన్నాళ్లకు కరెంటూ మిగలదు.

లెక్క వేసి చూద్దాం. 3 కిలోవాట్ల యూనిట్ బిగించడానికి ముగ్గురికి రెండు రోజులు పడుతుంది, అంటే ఆరు పనిదినాలు. 200 ఇళ్లకు 1,200 పనిదినాలు. నలుగురికి ఏడాది పాటు చేతినిండా పని. ఆ తర్వాత? ఒక్కో యూనిట్‌కు ఏడాదిలో నాలుగు తనిఖీలు, ఒక్కో తనిఖీకి గంటన్నర. అనుకోకుండా వచ్చే మరమ్మతు ఒకటి, దానికి మూడు గంటలు. మొత్తం తొమ్మిది గంటలు. 200 యూనిట్లకు 1,800 గంటలు. దారిలో పోయే సమయం తీసేసి రోజుకు ఆరు గంటల పని అనుకుంటే సరిగ్గా 300 రోజులు, ఒక మనిషికి ఏడాదంతా పని. అంటే 200 యూనిట్లకు ఒక పక్కా ఉద్యోగం. ఈ సంఖ్య చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ప్యానెల్ ఆయుష్షు పాతికేళ్లు, ఈ ఉద్యోగం ఆయుష్షూ అంతే. పైగా ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టర్లను పదీ పన్నెండేళ్లకు మార్చాల్సి వచ్చినప్పుడు పని ఇంకా పెరుగుతుంది.

బిగింపు మీదే నిలబడ్డ ఉపాధి ఏమవుతుందో బంగ్లాదేశ్ అనుభవం చూపింది. అక్కడ 2003లో మొదలైన కార్యక్రమం కింద 40 లక్షలకు పైగా ఇళ్లకు చిన్న ప్యానెల్, బ్యాటరీ, దీపాలు అందాయి. పల్లెల్లో ఎంతోమందికి బిగింపులో, వాయిదాల వసూళ్లలో, మరమ్మతుల్లో పని దొరికింది. తర్వాత కరెంటు లైన్లు ఊళ్లకు చేరాయి, కొత్త యూనిట్ల అమ్మకాలు పడిపోయాయి, వాటితోపాటే ఆ పనీ తగ్గింది. ఆ కార్యక్రమం ఇళ్లలో వెలుగు నింపింది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. అయితే అమ్మకం మీద ఆధారపడ్డ కొలువు అమ్మకంతోనే పోతుందన్నది గుర్తుంచుకోవాలి.

నిర్వహణ అనగానే గుడ్డతో తుడవడమే అనుకుంటారు. తుడవడమూ అవసరమే. వానల్లేని దుమ్ము రోజుల్లో పది శాతం దాకా ఉత్పత్తి ఇట్టే పోతుంది. ఎండకు కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు కొడితే పగిలే ప్రమాదం ఉంది కనుక పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కడగాలి. ఉప్పునీళ్లు వాడితే తెల్లటి పొర కట్టి మళ్లీ వెలుతురును అడ్డుకుంటుంది. కానీ అసలు నైపుణ్యం లోపాన్ని పట్టుకోవడంలో ఉంది. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరుసగా కలిపిన యూనిట్ తీసుకోండి. ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే దానికి ఏదీ తగిలించనప్పుడు ఉండే వోల్టేజి, సుమారు 49.5 అని వెనక లేబుల్ మీద ఉంటుంది. ఆరింటికి 297 వోల్టులు. మిట్టమధ్యాహ్నం మీటర్ పెడితే 268 చూపిస్తుంది. అనుభవం లేనివాళ్లు ప్యానెల్ పాడైందంటారు. కాదు. లేబుల్ మీది లెక్క 25 డిగ్రీలకు. ప్యానెల్ 60 డిగ్రీలకు కాగితే డిగ్రీకి 0.28 శాతం చొప్పున దాదాపు పదో వంతు వోల్టేజి తగ్గడం సహజం.

అదే మీటర్ 253 చూపిస్తే? ఎండే కారణమని సరిపెట్టుకోవడం అప్పుడు తప్పు. ఇన్వర్టర్ ఆపి, ప్యానెళ్ల కరెంటును ఆపే స్విచ్ (డీసీ ఐసొలేటర్) తిప్పి, ఒక్కో ప్యానెల్‌ను విడదీసి ఒకే ఎండలో కొలవాలి. మిగతావి 44, 45 మధ్య చూపిస్తుంటే ఒకటి 30 దగ్గర ఆగిపోతుంది. ప్యానెల్ వెనక తీగలు కలిసే జంక్షన్ బాక్సుల్లో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, ప్యానెల్‌లో ఒక్కో మూడో వంతుకు ఒకటి. వాటిలో ఒకటి షార్ట్ అయితే సరిగ్గా మూడో వంతు వోల్టేజి పోతుంది. డయోడ్ మార్చడానికి వీలున్న బాక్సయితే ఆ చిన్న భాగంతో పని ముగుస్తుంది. ఈ తేడా తెలియక మంచి ప్యానెల్‌ను పాతసామానులో వేయడం, పాడైనదాన్ని కప్పు మీదే వదిలేయడం రెండూ జరుగుతున్నాయి.

ప్యానెళ్ల తీగలను ఒకదానికొకటి కలిపే కనెక్టర్ల సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే ప్రాణాలతో ముడిపడింది. తీగను కనెక్టర్ పిన్నులో నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ లేదని పటకారతో నొక్కి బిగిస్తారు. పైకి బాగానే కనిపిస్తుంది. లోపల రాగి తీగలు వదులుగా ఉండి, 13 ఆంపియర్లు ప్రవహించేసరికి వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లను జత చేసినా ఇదే తంతు. టక్కున పట్టినట్టే ఉంటాయి, లోపలి కొలతలు మాత్రం కలవవు. కరెంటు ప్రవహిస్తుండగా కనెక్టర్ లాగితే నిప్పు సాగుతుంది. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఆ నిప్పు చాలాసార్లు దానంతటదే ఆరిపోతుంది. డీసీ ఎప్పుడూ సున్నాకు రాదు, మంట ఆగదు. ఇళ్ల వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌కు ఎంత పనితనం ఉన్నా ఈ ఒక్క విషయం విడిగా నేర్పకుండా కప్పు ఎక్కించకూడదు. నడుముకు తాడూ, బెల్టూ లేకుండా అసలే ఎక్కించకూడదు.

పరికరాల్లోనూ పొరపాటు జరుగుతోంది. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మామూలు క్లాంప్ మీటర్ ఏసీ కరెంటునే కొలుస్తుంది. దాన్ని డీసీ తీగకు తగిలించి సున్నా చూసి ‘ప్యానెల్ పనిచేయడం లేదు’ అని రాసిపోతారు. 1,000 వోల్టుల డీసీ వరకు తట్టుకునే మల్టీమీటర్, డీసీ క్లాంప్ మీటర్, అసలైన క్రింపింగ్ టూల్, కనెక్టర్ స్పానర్లు, బ్యాటరీలుంటే వాటిలోని యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్. శిక్షణ పూర్తయిన మనిషి చేతికి ధ్రువపత్రంతోపాటు ఈ సంచీ కూడా ఇవ్వాలి. సంచీ లేని ధ్రువపత్రంతో మరమ్మతు సాగదు.

బ్యాటరీల దగ్గర ఒక మాట. ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి వాడేస్తే నాలుగైదేళ్లు రావాల్సింది రెండేళ్లకే మూలన పడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే హైడ్రోమీటర్ పెట్టి చూస్తే పైన నీళ్లే తేలి ఉండి తప్పు లెక్క వస్తుంది. పూర్తిగా చార్జి చేసి, కలిశాక చూడాలి. బ్యాటరీలోని ఆరు సెల్స్‌లో ఐదింటి సాంద్రత 1.240 దగ్గర ఉండి ఒకటి 1.180 దగ్గర ఉంటే జబ్బు ఆ సెల్‌దే. ఆరింటినీ కొలిచి పుస్తకంలో రాసిపెట్టే మనిషి ఉంటే వచ్చే నెల ఏం జరగబోతోందో ఈ నెలే తెలుస్తుంది.

ఉపాధి కోణంలో మాకు సౌర ప్యానెళ్ల కన్నా గోబర్ గ్యాస్ మీదే నమ్మకం ఎక్కువ. ప్యానెల్, ఇన్వర్టర్ ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, వాటి డబ్బంతా బయటికే పోతుంది. గోబర్ గ్యాస్ గుంతకు ఇటుక, ఇసుక, కంకర, మేస్త్రి, కూలీలు అన్నీ దగ్గర్లోనే దొరుకుతాయి. రోజుకు రెండు ఘనమీటర్ల గ్యాస్ ఇచ్చే స్థిర డోము (కదలని గుమ్మటం ఉన్న గుంత) కట్టడానికి ఒక మేస్త్రి, ఇద్దరు కూలీలకు తవ్వకం నుంచి ప్లాస్టరింగ్ దాకా పదీ పన్నెండు రోజుల పని. రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు కలిపి పోయాలి. లోపల నలభై రోజులు నిల్వ ఉండాలి కనుక మొదటిసారి నింపడానికే 4,000 లీటర్ల కలయిక, అంటే రెండు టన్నుల పేడ కావాలి. ఇది ముందుగా చెప్పకపోవడంతో సగం నింపి, గ్యాస్ రాలేదని వదిలేసిన గుంతలు ఉన్నాయి. మొదట వచ్చే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, అంటుకోదు. దాన్ని బయటికి వదిలేయాలి. దానికే భయపడి మేస్త్రిని తిట్టి పంపేస్తారు.

డోము నుంచి గ్యాస్ కారుతోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. యూ ఆకారపు పారదర్శక గొట్టంలో రంగునీళ్లు పోసి పైపుకు తగిలించి, కవాటాలన్నీ మూసి, నీటిమట్టం తేడాను ఒక రోజంతా గమనించాలి. మట్టం దిగజారితే సబ్బు నురగతో అతుకులు వెతకాలి. అతుకులు బాగుంటే లోపలి ప్లాస్టరింగ్‌లో పగుళ్లు ఉన్నట్టు. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీరు చేరినట్టు. పైపును అందులో చేరే నీటిని పట్టి తీసేసే నీటి ఉచ్చు వైపు వందకు ఒకటి వాలుగా వేయకపోవడమే దానికి కారణం. సర్ఫు నీళ్లు, యాంటీబయాటిక్ వేసిన పశువు పేడ లోపలికి పోతే సూక్ష్మజీవులు చచ్చి గ్యాస్ ఆగిపోతుంది. అప్పుడు కొన్ని రోజులు పోయడం ఆపి, బాగా పనిచేస్తున్న మరో గుంత నుంచి స్లర్రీ (లోపల మాగిన పేడ నీళ్లు) తెచ్చి కలపాలి. ఏ కారణం చేతనైనా సరే, గుంతలోకి మనిషి దిగకూడదు. ఊపిరాడక ప్రాణం పోతుంది. రోజూ బయటికి వచ్చే స్లర్రీని ఆరబెట్టి, కంపోస్టుతో కలిపి, సంచులకెత్తి అమ్మడం మరో ఇద్దరికి పని.

చిన్న జలవిద్యుత్తుకు వాగు, ఎత్తు రెండూ కలిసిరావాలి. వచ్చినచోట మాత్రం లెక్క బలంగా ఉంటుంది. సెకనుకు 20 లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తు నుంచి పడితే, నష్టాలకు సగం పోయినా దాదాపు రెండు కిలోవాట్లు దక్కుతుంది. రాత్రింబవళ్లు తిరుగుతుంది కాబట్టి రోజుకు 48 యూనిట్ల కరెంటు. మంచి ఎండలో కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున చూస్తే ఇది 12 కిలోవాట్ల ప్యానెళ్లతో సమానం. చెత్త జల్లెడ రోజూ శుభ్రం చేయాలి, ఇసుక తొట్టిని కడిగి వదలాలి, లేకపోతే ఇసుక టర్బైన్ రెక్కల్ని తినేస్తుంది. ఇళ్లలో దీపాలు ఆర్పినప్పుడు మిగులు కరెంటును పీల్చుకునే హీటర్ కాయిల్ కాలిపోతే వోల్టేజి ఎగబాకి బల్బులు, టీవీలు మాడిపోతాయి. అందుకే దీనికి ఒక ఆపరేటర్ రోజూ కావాలి.

కొత్త పనులు పుట్టాలంటే వచ్చిన కరెంటును దీపాలకే పరిమితం చేయకూడదు. పొద్దున పది నుంచి మూడు వరకు బ్యాటరీ లేకుండా నేరుగా ప్యానెళ్లతో పిండిమర, కుట్టుమిషన్లు, ఎండబెట్టే యంత్రం నడుపుకోవచ్చు. ఒక హార్స్‌పవర్ మోటారు 746 వాట్లే కదా అని అంతే ప్యానెల్ పెడితే కదలదు. నష్టాలు కలిపి 1.2 నుంచి 1.5 కిలోవాట్లు కావాలి. పైగా మామూలు ఇండక్షన్ మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. వేగాన్ని మెల్లగా పెంచే డ్రైవ్ పెడితే అదే మోటారు చక్కగా తిరుగుతుంది.

చదువు అడ్డమని ఎవరైనా అంటే రాజస్థాన్‌లోని తిలోనియాను చూపించాలి. 1972లో స్థాపించిన బేర్‌ఫుట్ కాలేజీలో పెద్దగా చదువుకోని పల్లె మహిళలు ఆరు నెలల శిక్షణతో సౌర పరికరాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు. ఎన్నో దేశాల నుంచి వచ్చి నేర్చుకుని వెళ్లారు. చేతితో చేయించి నేర్పితే వస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పథకాలు రూపొందించేవారికి మా విన్నపం ఇది. టెండర్‌లో బిగింపునూ నిర్వహణనూ కలిపి ఒకే మొత్తంగా ఇవ్వకండి. నిర్వహణ డబ్బును విడిగా ఉంచి, పనిచేస్తున్న ప్రతి యూనిట్‌కు నెలనెలా స్థానిక టెక్నీషియన్‌కు చెల్లించండి. మీటర్ రీడింగ్ రాసిన పుస్తకమే బిల్లు. యూనిట్ ఆగిపోతే ఆ నెల చెల్లింపు ఆగాలి. అలాగని విడిభాగాలు రాక ఆగిపోయిన యూనిట్‌కు ఆ మనిషిని శిక్షించడం అన్యాయం. కాబట్టి ప్రతి 200 యూనిట్లకు ఒక అదనపు ఇన్వర్టర్, ఇరవై జతల కనెక్టర్లు, ఫ్యూజులు, వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకినప్పుడు కాపాడే సర్జ్ ప్రొటెక్టర్లు, డయోడ్లు దగ్గర్లోనే నిల్వ ఉంచాలి. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ కోసం ఇరవై రోజులు ఎదురుచూస్తే రోజుకు 12 చొప్పున 240 యూనిట్ల కరెంటు పోయినట్టే.

– సౌర, బయోగ్యాస్ యూనిట్ల బిగింపు, నిర్వహణ పనుల్లో ఉన్న సాంకేతిక సిబ్బంది