సొసైటీకి పోయేది యూరియా కోసమేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

నాది రెండున్నర ఎకరాల పొలం, బోరు కింద వరి. పోయిన వానాకాలం నాటేసిన మూడో వారానికి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొచ్చి మళ్లు మళ్లు గిడసబారిపోయినయి. మందుల షాపుకి పోయి ఫోన్లో ఫోటో చూపిస్తే తెగులన్నాడు, రెండు సీసాలు ఒక ప్యాకెట్ చేతిలో పెట్టి ఖాతాలో రాసుకున్నాడు. కొట్టాం, ఏం తగ్గలేదు. తర్వాత పక్క మండలంలో సొసైటీ (రైతుల సహకార సంఘం) డైరెక్టర్‌గా ఉన్న మా మామ చూసి "ఇది తెగులు కాదురా, జింకు తక్కువైంది" అని లీటరు నీళ్లకి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి 5 రోజుల తేడాతో రెండుసార్లు కొట్టమన్నాడు, కోలుకుంది. ఆయనకెట్లా తెలుసంటే, వాళ్ల సొసైటీలో సభ్యుల మట్టి పరీక్ష కాగితాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే వాళ్ల చెరువు కింద చాలా పొలాల్లో ఇదే లోపం అని తేలిందట. డీఏపీ ఎరువుతో కలిపి జింకు వేస్తే దండగ అని కూడా నాకు అప్పుడే తెలిసింది, 20 ఏళ్ల నుంచి వ్యవసాయం చేస్తున్నా మరి.

షాపాయన్ని తిట్టడానికి రాయట్లేదండి, పెట్టుబడికి ఉద్దెర ఇచ్చేది ఆయనే. కానీ సీసా అమ్మితేనే ఆయనకి గిట్టుతుంది, "ఏమీ కొట్టకు, నాలుగు రోజులు ఆగి చూడు" అని చెప్తే పైసా రాదు కదా. సర్కారు వైపు నుంచి 5 వేల ఎకరాలకి ఒక ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) అన్నారు, ఆ పిల్లలు పాపం పంటల నమోదు, సర్వేలు, యాప్‌లు చూసుకునేసరికే పొద్దు గూకుతుంది.

మాకు దగ్గర్లోనే ముల్కనూరు ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు 373 మంది రైతులతో మొదలుపెట్టిన సహకార సంఘం, అప్పు ఇస్తుంది, ఎరువు ఇస్తుంది, సభ్యుల పంట కొంటుంది, వరి విత్తనం కూడా సభ్యులతోనే పండించి శుద్ధి చేసి అమ్ముతుంది. అందరూ వాళ్ల మిల్లుల గురించి, లాభాల గురించి గొప్పగా చెప్తారు గానీ నాకు నచ్చింది వేరే. రైతుకి ఏ రకం వేయాలో, కేళీలు (చేలో కలిసిన వేరే రకం మొక్కలు) ఎప్పుడు ఏరాలో సరిగ్గా చెప్పకపోతే రేపు పాడైన గింజలు కొనాల్సింది ఆ సంఘమే, అంటే తప్పు సలహా ఇస్తే వాళ్ల జేబుకే చిల్లు. మా షాపాయనకి ఆ భయం లేదు, మా సొసైటీకి కూడా లేదు.

మా సొసైటీ సంగతి చెప్పాలంటే యూరియాకి లైను, క్రాప్ లోను రెన్యువల్, వడ్ల కాంటా, అంతే. పైగా యూరియా బస్తా కావాలంటే ఇంకేదో సీసా కొనాల్సిందే అని లింకు పెడతారు, ఇక షాపుకీ దానికీ తేడా ఏముంది? సెంట్రల్ గవర్నమెంట్ వాళ్లు 2022లో 63 వేల సొసైటీలకి కంప్యూటర్లు అన్నారు, మంచిదే, కానీ దాంట్లో మా అప్పు లెక్కలే కనపడితే ఉపయోగమేంటి? తేమ 17 శాతం దాటితే వడ్లు కొనరు, తేమ చూసే మిషన్ సొసైటీలోనే ఉంటుంది, దోసెడు గింజలు పట్టుకొస్తే ముందే చూసి ఇన్ని రోజులు ఆరబెట్టు అని చెప్పొచ్చు కదా. అది చెప్పక ట్రాక్టర్ నిండా పోసుకుని వచ్చాక వెనక్కి పంపుతున్నారు. ఈ వారం ఏ పురుగు ఉంది, మార్కెట్లో ఏం రేటు నడుస్తోంది, గోడ మీద బోర్డు పెట్టి సుద్దముక్కతో రాసినా చాలు. వాట్సాప్ గ్రూప్ ఉంది, దాంట్లో గుడ్ మార్నింగ్ పూలు, లీడర్ల బర్త్‌డే ఫోటోలు తప్ప ఇంకోటి రాదు.

ఇంకో మాట, మా ఊళ్లో చానా మంది కౌలుకి చేసేటోళ్లే, పాస్‌బుక్ లేదని వాళ్లకి సభ్యత్వం ఇవ్వరు. అప్పు సంగతి తర్వాత, కనీసం ఆ బోర్డు చదువుకోవడానికి పాస్‌బుక్ అడగరు కదా, అందుకే గోడ మీదే రాయమంటున్నా.

వచ్చే సొసైటీ మహాజన సభలో (సభ్యులందరి మీటింగ్‌లో) లేచి ఇదే అడగబోతున్నా. మీ పేపర్లో ముందే వస్తే ఆ కటింగ్ జేబులో పెట్టుకుని పోతా, లేకపోతే ఎప్పట్లాగే లెక్కలు చదివి, టీ పోసి, పంపించేస్తారు.

ఇట్లు,
ఒక చిన్న రైతు, హనుమకొండ జిల్లా