పోస్టుమార్టంలో దొరకని గుండె జబ్బు

సంపాదకులకు నమస్కారం.

ఏ జబ్బూ లేని యువతీ యువకులు ఆడుతూనో, నిద్రలోనో హఠాత్తుగా చనిపోయారన్న వార్తలు తరచూ చదువుతున్నాం. దాదాపు అన్నిటికీ గుండెపోటే కారణమని రాస్తున్నారు. కొన్నిటిలో అది నిజమే. కానీ పోస్టుమార్టం చేస్తే రక్తనాళాల్లో అడ్డంకి గానీ, గుండె కండరంలో వాపు గానీ, మచ్చ గానీ కనిపించని మరణాలూ ఉన్నాయి. వాటిని ‘కారణం తెలియదు’ అని రాసి వదిలేస్తారు. వీటిలో కొన్నిటికి మూలం గుండె కణాల పొరలో ఉండే అయాన్ చానళ్ల లోపం. అది కత్తికీ మైక్రోస్కోపుకూ చిక్కదు. చనిపోయిన వారి అక్కచెల్లెళ్లలో, అన్నదమ్ముల్లో, పిల్లల్లో అదే లోపం ఉండే అవకాశం ఉంది కాబట్టే ఈ ఉత్తరం.

అయాన్ చానల్ అంటే కణం పొరలో ఇమిడి ఉండే ప్రొటీన్. సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడ్ అయాన్లు దాని గుండానే లోపలికీ బయటికీ వెళ్తాయి. తెరుచుకున్న ఒక్క చానల్ గుండా సెకనుకు కోటి అయాన్ల దాకా పారతాయి. గుండె కణంలో ముందు సోడియం చానళ్లు తెరుచుకుని, మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గరున్న వోల్టేజి ఒక్కసారిగా పైకి లేస్తుంది. కాల్షియం లోపలికి వచ్చి కండరం ముడుచుకుంటుంది. ఆ తర్వాత పొటాషియం బయటికి పోయి కణం మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. ఈసీజీలో ఈ మొత్తం వ్యవధే క్యూటీ. పొటాషియం చానల్ మందగించినా, సోడియం చానల్ పూర్తిగా మూసుకోకపోయినా క్యూటీ సాగుతుంది. అలా పుట్టుకతో సాగి ఉండే జబ్బు లాంగ్ క్యూటీ సిండ్రోమ్. సుమారు 2000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. సాగిన ఆ వ్యవధిలో ఒక అకాల స్పందన పుడితే గుండె లయ తప్పి, కొట్టుకోవడానికి బదులు వణుకుతుంది. మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు. లయ దానంతటదే కుదురుకుంటే లేచి కూర్చుంటాడు, లేకపోతే అంతే.

ఏ చానల్ చెడిందన్నదాన్ని బట్టి ప్రమాదం వచ్చే సందర్భం మారుతుంది. లాంగ్ క్యూటీ మొదటి రకంలో పరుగు, ముఖ్యంగా ఈత. రెండో రకంలో అలారం, టెలిఫోన్ మోత లాంటి హఠాత్తు శబ్దం. సోడియం చానల్ చెడిన మూడో రకంలో విశ్రాంతి, నిద్ర. అదే సోడియం చానల్ పని తగ్గితే వచ్చే బ్రుగాడా సిండ్రోమ్‌ను జ్వరం బయటపెడుతుంది. అందుకే ఆ రోగులకు జ్వరం వస్తే వెంటనే తగ్గించాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఫిట్స్ దగ్గర. గుండె లయ తప్పి రక్తం ఆగిన కొద్ది సెకన్లకే కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. చూసేవాళ్లకు అది మూర్ఛే. మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ తీస్తారు, మందులు మొదలుపెడతారు, ఏళ్లు గడిచిపోతాయి. తేడా పట్టుకోవడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. గుండె వల్ల పడిపోయిన మనిషి ముఖం పాలిపోతుంది, నాడి అందదు, తేరుకున్నాక చాలావరకు వెంటనే మామూలుగా మాట్లాడతాడు. మూర్ఛలో తేరుకున్నాక కూడా చాలా నిమిషాల పాటు అయోమయం ఉంటుంది, నాలుక పక్కన కరుచుకున్న గాయం కనిపించవచ్చు. పరిగెడుతుండగా, ఈదుతుండగా, ఉలిక్కిపడగానే పడిపోతే, లేదా ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో కారణం తెలియకుండా చనిపోయి ఉంటే ముందు ఈసీజీ తీయాల్సిందే. మొదటిసారి ఫిట్స్ అని వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక ఈసీజీ తీయాలన్నది నా గట్టి అభిప్రాయం. అయిదు నిమిషాల పని అది.

తీయడమే కాదు, కొలవాలి. యంత్రం అచ్చువేసిన అంకెను నమ్మి ఊరుకోకూడదు. మామూలు వేగంతో నడిచే ఈసీజీ కాగితంపై ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు, పెద్ద గడి 200. రెండో లీడ్‌లో గానీ వీ5లో గానీ (లీడ్ అంటే గుండె విద్యుత్తును ఒక దిశ నుంచి చూపే గీత) క్యూ తరంగం మొదలైన చోటి నుంచి టీ తరంగం ముగిసే చోటి దాకా లెక్కపెట్టాలి. టీ వెనక వచ్చే చిన్న యూ తరంగాన్ని కలిపేయకూడదు. ఆ తర్వాత గుండె వేగానికి తగ్గట్టు సవరించాలి. క్యూటీని, రెండు స్పందనల మధ్య కాలపు (సెకన్లలో) వర్గమూలంతో భాగిస్తే సరి. ఉదాహరణకు క్యూటీ 11 చిన్న గడులు, అంటే 440. చూడ్డానికి మామూలే. కానీ స్పందనల మధ్య దూరం 4 పెద్ద గడులు, అంటే 0.8 సెకను. వర్గమూలం 0.894. భాగిస్తే 492. పురుషుల్లో 450, స్త్రీలలో 460 దాటితేనే ఆలోచించాలి; 500 దాటితే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టే. గుండె మరీ వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఈ సూత్రం ఎక్కువ చేసి చూపిస్తుంది, కాబట్టి నెమ్మదించాక మళ్లీ తీయాలి. ఒక్క ఈసీజీ బాగుందని జబ్బు లేదనుకోకూడదు కూడా. కాల్షియం చానల్‌కు సంబంధించిన సీపీవీటీ అనే జబ్బులో విశ్రాంతిలో తీసిన ఈసీజీ పూర్తిగా మామూలుగా ఉంటుంది. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తేనే బయటపడుతుంది.

పుట్టుకతో ఏ లోపమూ లేనివారిలోనూ మందుల వల్ల క్యూటీ సాగవచ్చు. హెర్గ్ అనే పొటాషియం చానల్ లోపలి భాగం విశాలంగా ఉంటుంది, ఒకదానికొకటి సంబంధం లేని ఎన్నో మందులు అక్కడ చేరి దారి మూసేస్తాయి. అలర్జీకి వాడిన టెర్ఫెనడిన్ కథ ఇదే. మామూలుగా కాలేయం దాన్ని వెంటనే హాని లేని రూపంలోకి మార్చేది. ఎరిత్రోమైసిన్‌తోనో కీటోకొనజోల్‌తోనో కలిపి వేసుకుంటే ఆ మార్పు ఆగి, అసలు మందు రక్తంలో పేరుకుపోయేది. మరణాలు బయటపడ్డాక 1998లో అమెరికాలో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, మోక్సిఫ్లాక్ససిన్, ఫ్లుకొనజోల్, డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్, హాలోపెరిడాల్ క్యూటీని సాగదీయగలవు. ఒక్కొక్కటీ విడిగా చాలామందికి ఇబ్బంది పెట్టదు. వాంతులు, విరేచనాలతో రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 మిల్లీమోళ్ల కంటే కిందికి పడిపోయిన మనిషికి వాంతుల మందు ఒకటి, యాంటీబయాటిక్ మరొకటి కలిపి ఇచ్చినప్పుడే చిక్కు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు వాడేవారిలో మెగ్నీషియం కూడా చూడాలి. వాడుతున్న మందును ఎవరూ సొంతంగా ఆపేయొద్దు. కొత్త మందు రాసేటప్పుడు పాతవన్నీ డాక్టరుకు చెప్పండి, ఎప్పుడైనా స్పృహ తప్పి ఉంటే అదీ చెప్పండి.

లాంగ్ క్యూటీ అని తేలితే చేయగలిగింది చాలానే ఉంది. నాడోలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండెపై అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించే మందులు) రోజూ తప్పకుండా వేసుకోవాలి; మానేసిన రోజుల్లోనే ముప్పు ఎక్కువ. మూడో రకంలో మెక్సిలెటిన్ పనికొస్తుంది. ఒకసారి గుండె ఆగి బతికినవారికి షాక్ ఇచ్చే ఐసీడీ పరికరం అమరుస్తారు. చానల్ పేరు తెలిస్తే మందే మారిపోవడం గుండెకే పరిమితం కాదు. ఆరు నెలల లోపు బిడ్డకు మధుమేహం వస్తే జన్యుపరీక్ష చేయాలి. పాంక్రియాస్‌లోని పొటాషియం చానల్ లోపమని తేలితే చాలామందిలో ఇన్సులిన్ ఆపి సల్ఫొనైల్‌యూరియా మాత్రలతో నడపవచ్చు. డ్రావే సిండ్రోమ్ అనే పిల్లల మూర్ఛలో దీనికి తిరగబడిన పరిస్థితి: మెదడులోని సోడియం చానల్ అప్పటికే బలహీనం కాబట్టి, ఆ చానల్‌నే అణిచే కార్బమజిపైన్, ఫెనిటోయిన్ ఇస్తే ఫిట్స్ పెరుగుతాయి.

చివరిగా పోస్టుమార్టం చేసే వైద్యులకూ, ఆ వార్త రాసే విలేకరులకూ ఒక విన్నపం. కారణం దొరకని యువ మరణంలో తల్లిదండ్రులకూ తోబుట్టువులకూ పిల్లలకూ ఈసీజీ తీయించమని చెప్పండి, వార్తలోనూ రాయండి. లాంగ్ క్యూటీ ఎక్కువ రకాల్లో లోపమున్న తల్లి గానీ తండ్రి గానీ ప్రతి బిడ్డకూ దాన్ని అందించే అవకాశం సగానికి సగం. శవపరీక్ష సమయంలోనే రక్తం గడ్డకట్టనీయని, ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 5 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీసి భద్రపరచాలి. రక్తం దొరక్కపోతే ప్లీహం ముక్కను అతిశీతలంలో ఉంచినా జన్యుపరీక్షకు పనికొస్తుంది. ఫార్మలిన్‌లో వేసిన ముక్కలో డీఎన్‌ఏ దెబ్బతింటుంది, తర్వాత ఎంత అడిగినా సరైన జవాబు రావడం కష్టం.

ఇట్లు,
ఒక హృద్రోగ వైద్యుడు