పది నెలల అడ్వాన్సు

చిరంజీవి శ్రీనుకు అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మాంబళంలో నిన్నటి నుంచి ఒకటే వాన. మేడ మీద ఆరబెట్టిన వడియాలన్నీ తడిసి ముద్దయ్యాయి. మీ నాన్నగారి మోకాలు అలాగే ఉంది. నువ్వు ఫోను ఎత్తడం లేదని రాస్తున్నాను, అంతకు మించి విశేషమేమీ లేదు.

పాండీ బజారులో శాంత అత్తయ్య కనిపించింది. "మీవాడు బెంగళూరులో ఇంటి యజమానిని బురిడీ కొట్టించాడటగా!" అని నడిరోడ్డు మీద ఒకటే నవ్వు. పది నెలల అడ్వాన్సులో రంగులకని ఒక నెల అద్దె పట్టుకుంటాడని, నీ స్నేహితుణ్ణి ఎక్కువ అద్దె ఇచ్చే ఆసామిలా పంపావట. ఆయన ఆశపడి, నువ్వు త్వరగా ఖాళీ చేస్తే చాలని మొత్తం చేతిలో పెట్టాడట. ఆ ఆసామి మళ్ళీ పత్తా లేడట. నిజం కాకపోతే ఆ సంగతి వదిలెయ్.

ప్రసన్నకు ఏడో నెల. సీమంతానికి రావాలి.

తాతయ్య చెప్పే తెనాలి రామకృష్ణుడి కథ గుర్తుందా? రాయల సభకు ఎవరో దిగ్గజ పండితుడు వాదానికి వచ్చాడు. పెద్దలందరూ జంకారు. రామకృష్ణుడు పట్టుబట్ట చుట్టిన పెద్ద కట్టతో వచ్చి, "తిలకాష్ఠ మహిష బంధనం మీద వాదిద్దాం" అన్నాడు. ఆ పేరే ఎన్నడూ విననివాడు, వినలేదని చెప్పుకోవడం నామోషీ! గడువు అడిగి రాత్రికి రాత్రే మూటాముల్లే సర్దుకున్నాడు. పట్టు విప్పితే నువ్వుల కట్టెలు, వాటికి గేదెను కట్టే తాడు. పేరులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మళ్ళీ చెప్పమని తాతయ్యను అన్నం తిననిచ్చేవాడివి కాదు. దాన్ని ఎత్తుకు పైఎత్తు అంటారు. ఆ పండితుణ్ణి ఓడించింది అతని గర్వమే. బురిడీ కొట్టించాలంటే మాత్రం అవతలివాడు మనల్ని నమ్మాలి. నమ్మిన పాపానికి ఆయన ఇల్లు ఖాళీగా పడి ఉంది.

నెల అద్దె పట్టుకోవడం అన్యాయమే, కాదనను. ఎదురుగా కూర్చోబెట్టి, గోడలు చూపించి అడగవలసింది. అసలు అగ్రిమెంటు చదివావా? మీ నాన్నగారు నువ్వు తెలివైనవాడివని మురిసిపోతున్నారు, ఆయన మాట పట్టించుకోకు.

కందిపొడి, గోంగూర పచ్చడి మూర్తి మామయ్యతో పంపుతున్నాను. బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తాడు, స్టేషనుకు వెళ్ళు. సీసా పక్కకు వంచకు, నూనె కారుతుంది. ఆ యజమానికి ఒకసారి ఫోను చెయ్యి, నేను చెప్పానని కాదు. కొత్త ఇంట్లో కావేరి నీళ్ళా, బోరు నీళ్ళా? బోరువైతే తలకు పోసుకోకు, నీ జుట్టు అసలే మీ నాన్నగారి పోలిక.

అమ్మ