రన్‌వే దగ్గర్లో గద్దలకు విందు

విమానాశ్రయాల చుట్టూ పారబోస్తున్న మాంసం వ్యర్థాలే టేకాఫ్ అయ్యే విమానాలకు పక్షులను ఎదురు తెస్తున్నాయి. 2022 జూన్ 19న పాట్నాలో అప్పుడే పైకి లేచిన విమానం ఇంజిన్‌ను పక్షి ఢీకొని మంటలు రేగాయి. వెంటనే వెనక్కి తెచ్చి దించబట్టి 185 మంది ప్రయాణికులు బతికారు. టేకాఫ్‌లో ఇంజిన్లు దాదాపు పూర్తి శక్తితో తిరుగుతుంటాయి, ఎత్తు తక్కువ, సర్దుకోవడానికి పైలట్‌కు ఉండేది సెకన్లే. మా కాలనీ ఓ విమానాశ్రయానికి మూడు కిలోమీటర్లు. ఆదివారం మధ్యాహ్నం చికెన్ షాపులు కట్టేశాక ఒక ట్రాలీ ఆటో వచ్చి ఈకలు, పేగులు నిండిన బస్తాలను రోడ్డు పక్క గుంతలో దులిపేసి పోతుంది. పావుగంటలో గద్దలు దిగుతాయి. పోయిన వారం ముప్పై దాకా లెక్కపెట్టి వదిలేశాను. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు చెత్త వేయకూడదని, పశువులను కోయకూడదని ‘విమాన నిబంధనలు, 1937’లో ఉంది. లోపల టపాసులు పేల్చి పక్షులను తోలుతున్నారు సరే, బయట తిండి పెడుతుంటే అవి ఎక్కడికి పోతాయి? ఆటో డ్రైవర్‌కు జరిమానా వేస్తే వారం తిరక్కుండా ఇంకో ఆటో వస్తుంది. మున్సిపాలిటీయే ఆదివారం మధ్యాహ్నం మూత ఉన్న బండి పంపి షాపుల దగ్గరే వ్యర్థాలు ఎత్తి, రసీదు ఇవ్వాలి. ఆ రసీదులు చూపించని షాపుకు లైసెన్సు రెన్యువల్ చేయకూడదు. ముందు ఆ గుంత పూడ్చాలి.

– విమానాశ్రయ సమీప కాలనీవాసి