విషయం: లెన్స్ తుడిచాను, ఇప్పుడు జవాబివ్వండి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. ఇది కొత్త ఫిర్యాదు కాదు. మీవాళ్లు ‘పరిష్కారమైంది’ అని మూసేసిన పాతదే. మూసేసి, ఐదు నక్షత్రాలకు ఎన్నిస్తారని కూడా అడిగారు. ఆ ధైర్యానికి మెచ్చుకోవలసిందే.

అసలు సంగతి చిన్నది. ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయినప్పటి నుంచి, చుట్టూ ఉన్నదంతా ఒకే ఫోటోలో తీసే మీ 360 కెమెరా, ఫోన్ పంపే లొకేషన్‌ను కనెక్ట్ అయిన క్షణంలో ఒక్కసారే తీసుకుని, ఆపైన ప్రతి ఫోటోలోనూ అదే రాస్తోంది. రెండు సెకన్లకో ఫోటో చొప్పున వీధంతా తీసి, వీధి ఫోటోలను మ్యాప్ మీద చూపే మాపిల్లరీలోనో పనోరమాక్స్‌లోనో ఎక్కిస్తే, అన్నీ మ్యాప్ మీద ఒకే చుక్క దగ్గర కుప్పపడుతున్నాయి. ఎగ్జిఫ్ (ఫోటో ఫైల్లోనే కెమెరా రాసిపెట్టే వివరాలు) తెరిస్తే ఫోటో తీసిన సమయం ముందుకు పోతుంటుంది, జీపీఎస్ సమయం మాత్రం మొదటి ఫోటో దగ్గరే నిలబడిపోయి ఉంటుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏ ఇంజనీరుకు కావాలి?

ఇది చూసి మీ మొదటి ఏజెంటు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవమన్నారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. రెండో ఆయన కెమెరాను ఆరుబయట పెట్టి, జీపీఎస్ సిగ్నల్ అందేదాకా ఆగమన్నారు. అయ్యా, ఈ కెమెరాలో జీపీఎస్ లేదు, ఫోన్ నుంచే తీసుకుంటుందని మీ మాన్యువలే చెబుతోంది! మూడో ఆవిడ యాప్‌కు లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఉందా, బ్యాటరీ సేవర్ ఆపారా అని అడిగారు. అడగవలసిన ప్రశ్నలే. కాకపోతే రెండింటికీ జవాబు నా మొదటి మెయిల్లోనే ఉంది. అదే సమయంలో అదే ఫోన్ రికార్డు చేసిన జీపీఎక్స్ ట్రాక్ (ఏ క్షణాన ఎక్కడున్నానో రాసే ఫైలు) ఎక్కడా తెగలేదు, దాన్నీ జతచేశాను. తెరిచి చూసినవాళ్లు లేరు. ఆవిడ ‘పై విభాగానికి’ పంపారు. పై విభాగం బిల్లు కాపీ, సీరియల్ నంబరు అడిగింది. అవీ అదే టికెట్లో ఉన్నాయి.

చివరగా ఒకరు ‘జీపీఎక్స్ ఉందిగా, దాంతో సరిపెట్టుకోండి’ అన్నారు. సమయాలు పోల్చి ట్రాక్‌లోని లొకేషన్‌ను ఫోటోల్లో రాసే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో సరిపెట్టుకోవచ్చు, మీ కెమెరా గడియారం నిలకడగా ఉంటే. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను తేడా వచ్చినా ఫోటో 10 మీటర్లు జరుగుతుంది, ఈ సందు మొగలో ఉన్న బోర్డు పక్క సందుకు పోతుంది. అందుకని బయల్దేరే ముందు ఫోన్‌లో సెకన్లతో సహా జీపీఎస్ సమయం తెరిచి, కెమెరాకు చూపించి ఒక ఫోటో తీసి, తేడా లెక్కగట్టి ఎగ్జిఫ్‌టూల్‌లో గడియారం తేడా సరిచేసే జియోసింక్‌కు ఇవ్వాలి. డబ్బు పెట్టి కొన్నది ఈ చాకిరీకా?

రెండు లెన్సుల అతుకు గీత కొట్టొచ్చినట్టు కనిపించిన మీ మొదటి మోడల్ రోజుల్లోనూ మిమ్మల్ని వెనకేసుకొచ్చినవాళ్లం. కొత్త మ్యాపర్లు ఏ కెమెరా కొనాలని అడిగితే మీ పేరే చెప్పాం. ఆ మొహమాటం ఇప్పుడు లేదు.

పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్లే దారి మీరే మూసేశారు. అదైనా తెరవండి, ఇంకేదైనా చేయండి, మెయిల్ చదివిన మనిషి చేత మాత్రం జవాబు ఇప్పించండి. లేదంటే ఎగ్జిఫ్ ఫైళ్లూ మీ ఏజెంట్ల జవాబులూ వరుసగా పేర్చి వినియోగదారుల కమిషన్‌కూ, మ్యాపర్ల గ్రూపులన్నిటికీ పంపుతాను. ఈ టికెట్‌నూ మూసేస్తే ఇదే ఉత్తరం ఇంకో టికెట్‌గా వస్తుంది.

ఇట్లు,
ఇంకా మీ కస్టమరే