ముందు నమ్మినవాళ్లకు

నిన్న క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ వచ్చింది. రావాల్సిన చివరి రెండు రీఫండ్లూ పడ్డాయి. అవి పడ్డాకే ఈ నాలుగు మాటలు రాద్దామని రెండు నెలలుగా ఆగాను.

విషయం తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మావాడు గేమ్స్ కొనుక్కునే విదేశీ ఆన్‌లైన్ స్టోర్ ఒకటుంది. ఆడేది వాడు, మెయిల్ ఐడీ, కార్డు నావి. నవంబరులో ఒక శుక్రవారం అర్ధరాత్రి దాటాక ఎవరో ఆ ఖాతాలోకి దూరి, ఒక్కోటి 100 డాలర్ల చొప్పున గిఫ్ట్ కోడ్‌లు కొన్నారు. రాత్రి నాలుగు, తెల్లారాక ఇంకొకటి. విదేశీ కొనుగోళ్ల మీద బ్యాంకు అదనంగా వేసే మార్కప్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపితే 45 వేలు దాటింది. ఒక్కదానికీ ఓటీపీ రాలేదు. మన సైట్లలో కొంటే ఓటీపీ అడుగుతుంది గానీ, బయటి దేశాల స్టోర్లు చాలావరకు అడగవు. కార్డు అక్కడ సేవ్ అయి ఉండి, అంతర్జాతీయ లావాదేవీల స్విచ్ ఆన్‌లో ఉంటే సరిపోతుంది. దసరా సెలవుల్లో వాడికి గేమ్ కొనడానికి ఆ స్విచ్ నేనే ఆన్ చేశాను. ఆపడం మర్చిపోయాను.

పొద్దున పాలు కాస్తూ ఫోన్ చూస్తే బ్యాంకు మెసేజ్‌లు నాలుగు. గుండె జారిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, గంటసేపు ఎవరికీ చెప్పలేదు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషిని, ఇంత తెలివితక్కువదాన్నా అనుకుంటారని. ఐదో కోడ్ కొన్నది ఆ గంటలోనే.

చివరికి చెప్తే మా ఆయన అడిగిన మొదటి మాట, "ఓటీపీ ఎవరికి చెప్పావ్?" బ్రాంచికి వెళ్తే అక్కడా అంతే: "ఏదో లింకు నొక్కి ఉంటారు మేడమ్." నేను ఏదీ నొక్కలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. అది నిరూపించుకోవడానికే ఆ పూటంతా సరిపోయేది, పక్కింటి వదినవాళ్ల అబ్బాయి లేకపోతే.

ఆ పిల్లాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, శనాదివారాలకని హన్మకొండ వచ్చాడు. నేను ఏడుపు గొంతుతో మొదలుపెట్టగానే ఆపేసి, "అత్తమ్మా, ముందు కార్డు బ్లాక్ చేద్దాం. కథ తర్వాత చెప్పండి" అన్నాడు. బ్లాక్ చేసిన పావుగంటకే ఆరో కొనుగోలు ప్రయత్నించి విఫలమైనట్టు మెసేజ్ వచ్చింది.

నేనైతే స్టోర్ పాస్‌వర్డ్ మార్చి చేతులు దులుపుకునేదాన్ని. అతను స్టోర్ జోలికి పోకుండా మెయిల్ తెరిచాడు. రాత్రికి రాత్రి అందులో ఆరువందల పైచిలుకు ఉత్తరాలు. ఎక్కడెక్కడివో వార్తాలేఖలు, చెప్పుల దుకాణాలు, వంటల సైట్లు, తెలియని భాషలు. స్టోర్ పంపే రసీదులు కంటపడకుండా కావాలనే ఇలా ముంచేస్తారట. దానికి తోడు నా మెయిల్ సెట్టింగ్స్‌లో నేను పెట్టని ఫిల్టర్ ఒకటి: స్టోర్ నుంచి ఏది వచ్చినా నేరుగా చెత్తబుట్టలోకి. అంటే దొంగ నా మెయిల్‌లోనే కూర్చున్నాడు. ఫిల్టర్ తీసేసి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించి, రెండంచెల ధ్రువీకరణ పెట్టి, ఆ తర్వాతే స్టోర్ వైపు తిరిగాడు. పాస్‌వర్డ్ ఒక్కటీ మారిస్తే అప్పటికే లోపలున్నవాడు ఒక్కోసారి లోపలే ఉండిపోతాడని అప్పుడే తెలిసింది నాకు. ఇంతకీ దారి ఎక్కడ దొరికిందంటే, ఎప్పుడో ఎంబ్రాయిడరీ డిజైన్ల కోసం ఒక సైట్‌లో ఖాతా తెరిచాను. అక్కడి వివరాలు లీకయ్యాయి. పాస్‌వర్డ్ మూడుచోట్లా ఒకటే. ఆ మాట చెప్పేటప్పుడు కూడా అతని గొంతులో వెటకారం లేదు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఎత్తిన అమ్మాయికి కూడా నమస్కారం. టైము, మొత్తం, కార్డు చివరి అంకెలు ఒక్కొక్కటే ఓపిగ్గా రాసుకుంది. "మేడమ్, డబ్బు ఇక్కడి బ్యాంకు ఖాతాకి వెళ్లి ఉంటే ఆపడానికి చూసేవాళ్లం. ఇది బయటి స్టోర్ కాబట్టి మా చేతిలో ఉన్నది తక్కువ. కానీ ఈ ఫిర్యాదు నంబరు మీకు బ్యాంకులో పనికొస్తుంది, మిగతా వివరాలు పోర్టల్‌లో నింపేయండి" అంది. లేని ఆశ పెట్టలేదు. ఆ నంబరు నిజంగానే పనికొచ్చింది.

బ్రాంచిలో దొరకని జవాబు కార్డు విభాగంలో ఫోనెత్తిన ఆయన దగ్గర దొరికింది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ మనదీ కాకుండా మూడోవాళ్ల వల్ల జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేసిన కస్టమరు మీద భారం పడకూడదు. తప్పు కస్టమరుదే అని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకుదే. ఈ రెండో ముక్క విన్నాక నా వెన్ను కాస్త నిటారైంది. ఆయనే ఇంకో సలహా ఇచ్చాడు: "ఫిర్యాదు ఇవాళే నమోదు చేస్తాను. డిస్ప్యూట్ ఫారం మాత్రం స్టోర్‌వాళ్లు ఏమంటారో చూసి ఇవ్వండి."

అలా ఎందుకన్నాడో మావాడికి వెంటనే అర్థమైంది. ఆ ఫారం ఇచ్చి బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగితే కొన్ని గేమ్ స్టోర్లు ఖాతానే మూసేస్తాయి. ఐదేళ్లుగా వాడు పుట్టినరోజు డబ్బులతో కొనుక్కున్నవన్నీ అందులోనే ఉన్నాయి. "పోతే పోనీ అమ్మా, నీ డబ్బులు ముఖ్యం" అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

స్టోర్‌వాళ్లు వాడని మూడు కోడ్‌లు రద్దు చేసి, వారంలో డబ్బు తిరిగిచ్చారు. మిగతా రెండూ వాడేశారు కాబట్టి కుదరదన్నారు. మళ్లీ రాశాం, మళ్లీ అదే జవాబు. మూడోసారి చాట్‌లోకి వచ్చిన మనిషి ఎవరో, ఆడో మగో, ఏ దేశమో తెలియదు. ఖాతాలో చేసిన మొట్టమొదటి కొనుగోలు రసీదు ఉందా అని అడిగారు. మా ఆయన సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, కరెంటు బిల్లులు కూడా సంవత్సరాలవారీగా కుట్టి పెట్టే మనిషి. ఐదేళ్లనాటి రసీదు పది నిమిషాల్లో తీశాడు. (ఓటీపీ మాట అన్నందుకు అలా లెక్క సరిచేశాడని అనుకున్నాను.) అది చూసి, కొనడానికి ముందు లాగిన్ ఏ దేశం నుంచి జరిగిందో వాళ్ల రికార్డులో సరిచూసుకుని, ఆ రెండూ తిరిగిస్తామన్నారు. ఖాతా కూడా నిలిచింది. ఆ పేరు తెలియని మనిషికి తెలుగులో ధన్యవాదాలు చెప్తే చేరదు గానీ, చెప్పకుండా ఉండలేను.

మార్కప్ ఫీజులు మాత్రం ఇంకా రాలేదు, వాటికి వేరే మెయిల్ పెట్టాను. సంక్రాంతికి వదినవాళ్లింటికి డబ్బా నిండా సకినాలు పంపాను. హైదరాబాద్ వెళ్తూ పిల్లాడు డబ్బాతో సహా పట్టుకుపోయాడట. డబ్బా మా అత్తగారిది. అదొక్కటి వెనక్కి ఇప్పించండి వదినా.